తెప్ప మీద ఆదాము హవ్వ

సంఘంలో ఎవరి మీద విచారణ జరిగినా ముందు అలిసిపోయేది నేను. మాకు సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌ను ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళ కాఫీ వాసన ఇంకా పోకముందే, అద్దెకు తీసుకుంటాం. పెద్దలు కూర్చుని మాట్లాడుకోవాలంటే పాస్టరు ఇల్లే గతి. ఆ పాస్టరు భార్యను నేను. పేరు లూసీ అయినా అందరికీ అమ్మగారినే. టీ పెట్టాలి, కారప్పూస పళ్ళెంలో పోయాలి, గొంతులు పెరిగినప్పుడు వంటగదిలోకి వెళ్ళి ఏమీ విననట్టు గిన్నెలు చప్పుడు చేయాలి. వారమంతా ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి వచ్చిన మనిషికి ఇదంతా పరిచర్య అని ఎవరైనా అంటే, ఆ దుప్పట్లు వాళ్ళ చేతే మడతపెట్టిస్తాను.

అలాంటి విచారణలు చాలానే చూశాను. జ్ఞానమ్మది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆవిడ చేసిన నేరం హోటల్లో గుడ్ల పేర్లు పిలవడం.

జ్ఞానమ్మది చీరాల దగ్గర పల్లెటూరు. మిషన్ బళ్ళో టీచరుగా చేసింది. భర్త దేవకుమార్ డ్రాఫ్ట్స్‌మన్. కార్ల విడిభాగాలకు కాగితం మీద గీతలు గీసే పని. డెబ్బైల మొదట్లో ఇద్దరూ డెట్రాయిట్ వచ్చి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్క అపార్ట్‌మెంట్లలోనే దిగారు. కూతురు రేణు ఇక్కడే పుట్టింది. మా స్త్రీల సమాజానికి జ్ఞానమ్మే అధ్యక్షురాలు. మా ఆయన ఆమోసు గారి ప్రసంగంలో కునుకు తీసేవాళ్ళు కూడా జ్ఞానమ్మ ప్రార్థనకు నిటారుగా కూర్చునేవారు. ఊళ్ళో వాళ్ళమ్మ చేసినట్టే, అన్నం వండిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుడి పేర పక్కన తీసి, ఖాళీ పాల డబ్బాలో పోసి సంఘానికి తెచ్చేది. మిషిగన్‌లో ఎవరికమ్మా ఈ బియ్యం అని నేను విసుక్కుంటే, "ఆకలి మిషిగన్‌కి రాదా అమ్మగారూ?" అనేది.

వచ్చింది. 1980లో కార్ల కంపెనీలు జనాన్ని రోడ్డు మీదికి తోస్తుంటే వాటి వెనకాలే విడిభాగాల కంపెనీలూ తోశాయి. దేవకుమార్‌కి పింక్ స్లిప్ ఇచ్చారు. ఆ మాట నేను వినడం అదే మొదలు. చూస్తే కాగితం తెల్లగానే ఉంది. మరి గులాబీ రంగు పేరెందుకు వచ్చిందో కంపెనీలో ఒక్కడూ చెప్పలేకపోయాడట. ఉద్యోగం పోయినవాడికి రంగుతో పనేముంది? పొద్దున్నే లేచి, మంచు ఉన్నా లేకపోయినా పార పట్టుకుని బయటికి వెళ్ళి నిలబడేవాడు. మనిషి మెల్లిగా మాట మానేశాడు.

అప్పుడు జ్ఞానమ్మ పనికి బయల్దేరింది. మేం అద్దెకుండే చర్చిలో ఒక ముసలావిడ భర్తకు గ్రాండ్ రివర్ రోడ్డు మీద చిన్న హోటలు ఉంది. వాళ్ళు గ్రీకులు. కౌంటర్ దగ్గర పళ్ళేలు అందించే మనిషి కావాలన్నారు. జ్ఞానమ్మకు డ్రైవింగ్ రాదు. ఆస్పత్రికి పోతూ పోతూ నేనే దింపేదాన్ని. నా షిఫ్టుకు ఇంకా టైం ఉంటే లోపల ఓ మూల కూర్చుని కాఫీ తాగేదాన్ని. అందుకే ఆ హోటలు నాకు బాగా తెలుసు.

అక్కడ అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేది కోనీ. పొడుగాటి రొట్టె మధ్యలో సాసేజీ, దాని మీద కూరలాంటి ముద్ద, పైన ఆవాల ముద్ద, పచ్చి ఉల్లిపాయ ముక్కలు. కోనీ ఐలండ్ అనేది న్యూయార్క్ పక్కన సముద్రపు ఒడ్డు. ఆ ఊళ్ళో అడిగితే ఇలాంటిది ఎవరికీ తెలియదట. ఓడ దిగి అటుగా వచ్చిన తమ గ్రీకులు పెట్టిన పేరు అని యజమాని అంటాడు. అందులో వింత నాకేమీ కనిపించలేదు. మనం బొంబాయి చట్నీ అంటాం, బొంబాయి వాళ్ళను అడిగి చూడండి, తెల్లమొహం వేస్తారు.

తిండి పేర్లతో మాకు పేచీ లేదు. పేచీ కేకలతో వచ్చింది.

ఆ హోటల్లో ఆర్డరు రాసుకోరు. కౌంటర్ దగ్గర మనిషి కేక వేస్తే పెనం దగ్గర మనిషి వండుతాడు. ఆ కేకలకు ఒక భాష ఉంది. సరుకు అయిపోతే 'ఎయిటీ సిక్స్' అంటారు. ఎనభై ఆరే ఎందుకో, ఎనభై ఏడు ఎందుకు కాదో ఎవరికీ తెలియదు. మంచినీళ్ళు కావాలంటే 'ఆడమ్స్ ఏల్', అంటే ఆదాము తాగిన బీరు. పంది మాంసపు ముక్క కావాలంటే 'నోవాస్ బాయ్'. నోవహు కొడుకు పేరు హాము, ఈ మాంసం పేరూ హామ్, అదీ సంగతి. కాల్చిన రొట్టె మీద రెండు గుడ్లు పెట్టి ఇమ్మంటే 'ఆడమ్ అండ్ ఈవ్ ఆన్ ఎ రాఫ్ట్'. తెప్ప మీద ఆదాము హవ్వ. ఆ గుడ్లు గిలకొట్టి ఇవ్వాలంటే చివర 'రెక్ దెమ్' అని కలపాలి. వాళ్ళను ముంచెయ్యి అని.

మొదటి రోజు సాయంత్రం కారెక్కి కూర్చున్న జ్ఞానమ్మ మొహం చూసి ఎవరో పోయారనుకున్నాను. "వాక్యాన్ని పెనం మీద వేయించుతున్నారు అమ్మగారూ. నా నోటితో నన్నే చెప్పమంటున్నారు," అంది. మా ఇళ్ళల్లో వాక్యమున్న పుస్తకం నేల మీద పెట్టం. కాలు తగిలితే కళ్ళకు అద్దుకుంటాం. అలా పెరిగిన మనిషి రోజంతా ఆదాము హవ్వలను ముంచమని అరవాలంటే ఎలా ఉంటుంది? కానీ కూటి కోసం కోటి విద్యలు. మర్నాడు వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. పాదాలు వాచి, బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కుంది.

పెనం దగ్గర ఉండేది ఎల్వుడ్ అనే నల్లజాతి ముసలాయన. అది ఆయన అసలు పేరు కాదు. నేనే మార్చాను, ఎందుకో ఇంకాస్త ముందుకు వెళితే తెలుస్తుంది. మిసిసిపీ వైపు పత్తి పొలాల నుంచి వచ్చి, కొన్నేళ్ళు ఇనుము కరిగించే చోట పనిచేసి, ఆ మోతకు చెవులు సగం పోగొట్టుకుని, ఆ తరువాత ఈ పెనం దగ్గర స్థిరపడ్డాడు. ఆయన ఒక బాప్టిస్టు సంఘంలో డీకన్, అంటే మా సంఘ పెద్దల్లాంటివాడు, అని తెలిసినప్పుడు జ్ఞానమ్మ మరీ ఆశ్చర్యపోయింది. దేవుని మనిషివి, ఈ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి, నువ్వెలా ఊరుకున్నావు అని అడిగిందట. ఆయన నవ్వాడట. రైళ్ళలో వంటచేసిన తన మామ ఈ మాటలు అనేవాడు, ఆయనకు ఎవరు నేర్పారో తెలియదు అన్నాడు. యజమానిని అడిగితే ఇవి గ్రీకులు పుట్టించినవి అన్నాడు. కౌంటర్ దగ్గర రోజూ కూర్చునే పోస్టుమాన్ ఒకాయన, కాదు, ఇవి పాతకాలపు న్యూయార్క్ మాటలు అని పందెం కాశాడు. పేరున్న బిడ్డకు తండ్రులు ఎక్కువ. చివరికి ఎవరికీ తెలియదని తేలింది.

కొన్ని నెలలకు ఆ మాటలు జ్ఞానమ్మ నోటికి అలవాటయ్యాయి. ఇంట్లో రేణు గుడ్డు తినాల్సి వస్తే, "మమ్మీ, రెక్ దెమ్ ప్లీజ్," అనేది. జ్ఞానమ్మ దాని నెత్తిన ఒకటి మొట్టేది కానీ నవ్వేది. దేవకుమార్ కూడా ఒకసారి మాట్లాడాడు. "నన్ను ఎయిటీ సిక్స్ చేశారు కదా," అన్నాడు. ఆ ఇంట్లో ఆ నెలంతటికీ అదొక్కటే హాస్యం.

అబ్రహాం గారు మా సంఘ పెద్దల్లో పెద్ద. కార్ల కంపెనీలో ఇంజనీరు, ఉద్యోగం నిలబడిన కొద్దిమందిలో ఒకరు. చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. దేవకుమార్‌ని తన కార్లో ఇంటర్వ్యూలకు తిప్పింది ఆయనే. కానీ వాక్యం దగ్గరికొస్తే కత్తి. 1982 ఫిబ్రవరిలో ఆయన ఆఫీసు వాళ్ళు ఆయన్ని లంచ్‌కి ఆ హోటలుకే తీసుకెళ్ళారు. ఆ శనివారం మా ఇంట్లో టీ మళ్ళీ పొంగింది.

"అయ్యగారూ, నా చెవులారా విన్నాను," అన్నారు అబ్రహాం గారు మా ఆయనతో. "సిస్టర్ అక్కడ నిలబడి, ఆడమ్ అండ్ ఈవ్‌ని తెప్పెక్కించి ముంచెయ్యమని అరుస్తోంది. మా ఆఫీసు వాళ్ళంతా ఒకటే నవ్వు. మీ క్రిస్టియన్ లేడీనా అని అడిగారు. నా తల ఎక్కడ పెట్టుకోమంటారు?"

"గుడ్లండీ అవి," అన్నాను నేను వంటగదిలోంచి. మా ఆయన నా వైపు చూశారు. నేను గిన్నెలు చప్పుడు చేశాను.

జ్ఞానమ్మ సోఫా అంచున కూర్చుని ఉంది. పనిలోంచి తిన్నగా వచ్చింది, ఒంటి నుంచి ఉల్లిపాయ వాసన. "నాకూ మొదట్లో కష్టంగానే ఉండిందన్నయ్యా. నేను పుట్టించిన మాటలు కావు. ఎవరు పుట్టించారో కూడా ఎవరికీ తెలీదు," అంది.

"ఎవరు పుట్టించినా పలికే నోరు మనదే కదా సిస్టర్. రేపు మన పిల్లలు సండే స్కూల్లో ఆదాము అంటే గుడ్డు అనుకోరా?"

రేణు గుర్తొచ్చిందేమో, జ్ఞానమ్మ చేతిలోని టీ కప్పు కింద పెట్టేసింది.

"మామూలు మాటలతో పిలవొచ్చు కదమ్మా?" అన్నారు మా ఆయన. ఆయనకు గొడవలంటే గిట్టదు. లోకంలోని ప్రతి తగువుకూ మధ్యలో ఒక దారి ఉంటుందని ఆయన నమ్మకం.

"పిలిచి చూస్తాను అయ్యగారూ."

"చూడటం కాదు సిస్టర్. మాట ఇవ్వాలి," అన్నారు అబ్రహాం గారు.

జ్ఞానమ్మ భర్త వైపు చూసింది. దేవకుమార్ కార్పెట్ వైపు చూస్తున్నాడు. "సరేనన్నయ్యా. ఆ మాటలు అనను," అంది. వచ్చే బల్ల ఆదివారం సంఘం ఎదుట లేచి అదే మాట చెప్పాలని, చెప్పకపోతే బల్ల ఆపాలని పెద్దలు తీర్మానించి, నా కారప్పూస అంతా తిని వెళ్ళారు.

బల్ల అంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పాలి. నెలకొకసారి రొట్టె ముక్కలూ, చిన్న గిన్నెల్లో ద్రాక్షరసమూ పళ్ళెంలో వరసవెంట వస్తాయి. ప్రభువు పేర అందరూ కలిసి తీసుకుంటాం. తప్పు చేసినవాళ్ళకు బల్ల ఆపుతారు. వాళ్ళు పళ్ళేన్ని పక్కవాళ్ళకు అందించాలి గానీ అందులోంచి తీసుకోకూడదు. ఇంతేనా అనుకోకండి. మా తాతలను ఏ ఊళ్ళోనూ ఏ ఇంట్లోనూ బంతిలో కూర్చోనివ్వలేదు. నలుగురితో కలిసి ఒక పళ్ళెంలోంచి తినడం వాళ్ళకు మొట్టమొదట దొరికింది ఆ బల్ల దగ్గరే. అది ఆగిందంటే మా ఒంట్లోని పాత దెబ్బ మళ్ళీ తగులుతుంది. జ్ఞానమ్మకు అది నాకన్నా బాగా తెలుసు.

సోమవారం నుంచి మామూలు మాటలు మొదలుపెట్టింది. ఆ తరువాత జరిగింది ఆవిడ నాకు చెప్పడానికి మూడేళ్ళు పట్టింది. నేను మాత్రం జరిగిన వరసలోనే చెబుతాను.

రొట్టె మీద రెండు గుడ్లు, గిలకొట్టిన రెండు గుడ్లు, రెండు వైపులా కాల్చిన రెండు గుడ్లు. ఏ కేక వేసినా వినబడేది రెండు గుడ్లే. పక్కన గిన్నెలు కడిగే మిషను, రేడియో, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళ కేకలు, వాటి మీద జ్ఞానమ్మ చీరాల ఇంగ్లీషు. సగం చెవులున్న ఎల్వుడ్‌కు ఒకదానికి ఒకటి కలిసిపోయాయి. గిలకొట్టినవి అడిగినవాడికి కాల్చినవి వెళ్ళాయి. ఒకాయన పళ్ళెం వెనక్కి తోశాడు, ఇంకొకాయన లేచి వెళ్ళిపోయాడు. పాత కేక వేస్తుందేమోనని ఎల్వుడ్ ప్రతిసారీ తల తిప్పి ఆవిడ నోటి వైపు చూసేవాడు.

యజమానికి అప్పటికే నడుం వంగింది. హోటలు చూసేది అల్లుడు. అతనికి ఎల్వుడ్ వయసు నచ్చదు. "ఈ అరుపుల సంత ఎందుకు? ఇవాళ్టి నుంచి చీటీలు రాసి పెనం ముందున్న కిటికీ దగ్గర తగిలించండి. ఊరంతా అదే చేస్తోంది," అన్నాడు. జ్ఞానమ్మ సంతోషించింది. టీచరమ్మ కదా, ముత్యాల్లాంటి అక్షరాలు. సమస్య తీరిందనుకుంది.

ఆ పూట పళ్ళేలు ఇంకా ఘోరంగా వచ్చాయి. కోనీ రాస్తే గుడ్లు వచ్చాయి, గుడ్లు రాస్తే ఏమీ రాలేదు. ఎల్వుడ్ ప్రతి చీటీనీ తీసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, పక్కన పెట్టేవాడు. జ్ఞానమ్మ కిటికీ దగ్గరికి వంగి మెల్లిగా చదివి వినిపించబోతే అల్లుడు చూశాడు. "రాసింది మళ్ళీ చదవడం దేనికి? అతనికి చూపు ఆనకపోతే చెప్పమను. ఈ వారం పళ్ళేలు సరిగ్గా రాకపోతే పెనం దగ్గరికి కొత్త మనిషి వస్తాడు," అన్నాడు.

మధ్యాహ్నం వెనక తలుపు దగ్గర, చెత్త డబ్బాల పక్కన, మంచులో నిలబడి ఎల్వుడ్ ఆవిడతో అన్నాడు: "మిస్ జీనా, నువ్వు రాసినా రాయకపోయినా ఆ కాగితాలు నాకు తెల్లకాగితాలే." ఆవిడ పేరు పలకలేక జీనా అనేవాడు. పత్తి ఏరే కాలంలో బడి ఉండేది కాదు, పత్తి ఎప్పుడూ ఉండేది అన్నాడు. ఎర్రగా మండే ఇనుము దగ్గర అక్షరాలతో పని పడలేదు. ఇక్కడికి వచ్చాక కేకలు ఉన్నాయి కాబట్టి పడలేదు. "ఈ మాటలు ఎక్కడ పుట్టాయని అడిగావు కదా. నా మామ దగ్గరికి ఎట్లా వచ్చాయో నాకు తెలీదు. నా దగ్గర ఎందుకు ఉన్నాయో తెలుసు. రెండు గుడ్లు ఎవరైనా మరిచిపోతారు. తెప్ప మీద ఆదాము హవ్వను మరిచిపోరు."

ఆయన ఇంకొకటి కూడా చెప్పాడు. తన సంఘంలో లేచి వాక్యం చెప్పేటప్పుడు పుస్తకం తెరిచి పట్టుకుంటాడు. అంతా విని విని కంఠతా పట్టిందే. చదవడం రాదని భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. "ఇప్పుడు నీకు తెలిసింది. నీ దగ్గరే ఉంచు," అన్నాడు.

జ్ఞానమ్మ వాళ్ళమ్మ మిషన్‌లో బైబిలు స్త్రీ. పాలెంలో అక్షరం రాని ఆడవాళ్ళకు వాక్యం నేర్పడం ఆవిడ పని. నాట్లకు వెళ్ళే దారిలో నడుస్తూ వాళ్ళ వేళ్ళు పట్టుకుని, బొటనవేలు ఆదాము, చూపుడువేలు హవ్వ, నడిమి వేలు నోవహు అని వరసగా నేర్పేదట. బురదలో నాటు వేస్తూ వేళ్ళు కదిపినప్పుడల్లా ఆ ఆడవాళ్ళు పేర్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళట. అది పాపమని ఎవరూ అనలేదు. ఎల్వుడ్ మాటలు వింటుంటే తన చేతివేళ్ళు గుర్తొచ్చాయని జ్ఞానమ్మ నాతో అంది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆదివారం సంఘం ముందు నిలబడి ఆ మాటలు అననని చెప్పాలి. సోమవారం ఆ మాటలు అనకపోతే ముసలాయన పని పోతుంది. ఎందుకు అనాల్సి వస్తోందో సంఘానికి చెబితే ఆయన గుట్టు రట్టవుతుంది. డెట్రాయిట్ ఎంత పెద్ద ఊరైనా చర్చీల మధ్య కబురు నడిచినంత వేగంగా బస్సు కూడా నడవదు. మేం అద్దెకుండే చర్చికీ ఎల్వుడ్ సంఘానికీ రాకపోకలు ఉన్నాయి.

మర్నాడు పొద్దున చీటీలు పక్కన పడేసి, జ్ఞానమ్మ గొంతెత్తి కేక వేసింది. "ఆడమ్ అండ్ ఈవ్ ఆన్ ఎ రాఫ్ట్! రెక్ దెమ్!" ఎల్వుడ్ తల తిప్పలేదు, చేతులు వాటంతట అవే కదిలాయి. మిగతా ఇద్దరు ఆడవాళ్ళు రాసిన చీటీలు కూడా తనే అందుకుని కేక వేసింది. ఆ రోజు ఒక్క పళ్ళెం వెనక్కి రాలేదు. పళ్ళేలు సరిగ్గా వస్తే అల్లుడికి అరిచినా ఒకటే, రాసినా ఒకటే.

ఆదివారం వచ్చింది. బేస్‌మెంట్‌లో ఆడవాళ్ళం ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. మా ఆయన పేరు పిలిచారు. జ్ఞానమ్మ లేచింది. తెల్లచీర, వాచిన పాదాలు, కళ్ళ కింద నలుపు. వారం రోజులుగా నిద్ర లేదని చూస్తేనే తెలుస్తోంది.

"పెద్దలకు మాటిచ్చాను. ఆ మాట తప్పాను," అంది. "రేపు కూడా తప్పుతాను. నన్ను క్షమించండి."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. అబ్రహాం గారు లేచారు. ఆయన మొహంలో కోపం లేదు, నిజంగా బాధే ఉంది. "ఎందుకు సిస్టర్? కారణం చెప్పండి. వింటాం."

"కారణం ఉందన్నయ్యా. చెప్పలేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటే అయిపోయేదానికి ఇంత మొండితనమా అని. దేవకుమార్ అటు పక్క తల వంచుకుని కూర్చున్నాడు. భార్య పరువు పోతుంటే నోరు విప్పని మగవాడు ఎందుకని ఆయన మీద కూడా మండింది. మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మధ్యలో దారి దొరకలేదు. బల్ల ఆపామని ఆ నోటితోనే చెప్పాల్సి వచ్చింది. స్త్రీల సమాజాన్ని నళిని అనే ఇంకో సభ్యురాలికి అప్పగించారు. పళ్ళెం వరసవెంట వచ్చినప్పుడు జ్ఞానమ్మ దాన్ని రెండు చేతులా అందుకుని పక్కనున్న పిల్లకు అందించింది.

ఆ తరువాత మూడేళ్ళు అంతే. ఇంకొకరైతే వేరే సంఘం చూసుకునేవాళ్ళు. ఆవిడ ఒక్క ఆదివారం మానలేదు. టిప్పులకు ఆశపడిందన్నారు, పొగరన్నారు, అమెరికా గాలి తగిలిందన్నారు. ఆ అన్నవాళ్ళకే నలతగా ఉంటే చారు కాచి తీసుకెళ్ళేది. మధ్యలో దేవకుమార్‌కి చిన్న ఉద్యోగం దొరికింది. ఇంకెందుకమ్మా ఆ అరుపుల కొలువు, మానేస్తే బల్లకు రావచ్చు కదా అని నేనే ఎన్నోసార్లు కార్లో పోరాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇంకొన్నాళ్ళు అమ్మగారూ," అనేది. మోకాళ్ళు పట్టేసి కారు దిగడానికి తలుపు పట్టుకుని నిలబడేది. ఆవిడను చూస్తే నాకే నీరసం వచ్చేది.

1985 వేసవిలో ఎల్వుడ్ చనిపోయాడు. పెనం దగ్గర కాదు, ఇంట్లో, నిద్రలో. భూస్థాపనకు తీసుకెళ్ళమని జ్ఞానమ్మ అడిగితే నేనూ మా ఆయనా తీసుకెళ్ళాం. పెద్ద చర్చి, నిండా జనం. వాళ్ళ పాస్టరు గొప్పగా చెప్పాడు. మా డీకన్ వాక్యం చదువుతుంటే పుస్తకం వైపు చూసేవాడే కాదు, అంతగా గుండెలో ఉండేది అన్నాడు. జనమంతా ఆమేన్ అన్నారు. జ్ఞానమ్మ ముఖానికి చీరకొంగు అడ్డం పెట్టుకుంది. ముందు వరసలో ఎల్వుడ్ భార్య వెనక్కి తిరిగి జ్ఞానమ్మనే చూసింది. బయటికి వచ్చాక జ్ఞానమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిరుగుదారిలో కార్లో అంతా చెప్పింది. మా ఆయన గ్రాండ్ రివర్ పక్కన ఏదో టైర్ల షాపు ముందు కారు ఆపేశారు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఏడ్చారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. "మా చేత ఎంత పని చేయించావమ్మా," అన్నారు.

"మీరు చేయాల్సింది మీరు చేశారు అయ్యగారూ. పెద్దలకు చెప్పండి. ఈ సంగతి వాళ్ళను దాటనివ్వకండి," అంది జ్ఞానమ్మ. వాళ్ళను దాటలేదు. ఇప్పుడు ఎల్వుడ్ భార్య కూడా పోయింది కాబట్టి, పేరు మార్చి, నేను రాస్తున్నాను.

ఆ వచ్చిన బల్ల ఆదివారం మా ఆయన సంఘంతో ఎక్కువ మాట్లాడలేదు. జ్ఞానమ్మగారికి బల్ల ఆపి మేం తప్పు చేశాం, కారణం అడక్కండి అని చెప్పి ప్రార్థించారు. రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వైపు తెచ్చింది అబ్రహాం గారు. మా వరస మొదట్లో ఇచ్చి పక్కన నిలబడ్డారు. ఒక్కొక్కరూ తీసుకుని పక్కకు ఇస్తున్నారు. నా తరువాత జ్ఞానమ్మ. పళ్ళెం అందుకుంది, రెండు చేతులా పట్టుకుంది, పక్కావిడకు అందించేసింది. కావాలని కాదు. చేతులు వాటంతట అవే అందించేశాయి. ఇచ్చిన తరువాత తన చేతుల వైపు చూసుకుని ఉలిక్కిపడింది. "అయ్యో, అలవాటైపోయింది అమ్మగారూ," అని నా చెవిలో అంది. నవ్వబోయింది గానీ పెదవులు వంకర తిరిగి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

పళ్ళెం వరస చివరికి వెళ్ళింది. అబ్రహాం గారు దాన్ని తీసుకుని పై వరసకు వెళ్ళలేదు. ఇరుకు కుర్చీల మధ్య, ఆడవాళ్ళ మోకాళ్ళు తప్పించుకుంటూ వెనక్కి వచ్చి, ఆవిడ ముందు నిలబడి పళ్ళెం వంచి పట్టుకున్నారు.

"తీసుకో చెల్లెమ్మా," అన్నారు.

"పైవాళ్ళకు ఇవ్వండన్నయ్యా. నేను తరవాత తీసుకుంటాను."

"నువ్వు తీసుకోకుండా ఇంకెవరికీ ఇవ్వలేను తల్లీ. నేనూ తీసుకోలేను."

జ్ఞానమ్మ ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. సంఘమంతా ఆగింది. ఆ సమయానికి పాట ఎత్తుకోవలసింది నేను. నేను ఆవిడ చేతిలోని రొట్టె ముక్కనే చూస్తూ ఉండిపోయాను. మగవాళ్ళ వైపు నుంచి, వణుకుతూ, శ్రుతి తప్పుతూ, దేవకుమార్ ఎత్తుకున్నాడు.